విదేశీ విశ్వవిద్యాలయం డేటా, నమూనాలు అడిగింది: ప్రభుత్వ నిధులతో చేసే పరిశోధనలో ఏది ఇవ్వవచ్చు, ఏది ఆపాలి?

ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు చెబుతాను. మీరు విజయవాడ సమీపంలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్. మిరప తోటల్లో నల్ల తామర పురుగు ఉధృతిని డ్రోన్ చిత్రాల సాయంతో ముందుగానే పసిగట్టే ప్రాజెక్టును కేంద్ర ప్రభుత్వ నిధులతో నడుపుతున్నారు. గుంటూరు జిల్లా రైతుల పొలాల్లో తీసిన చిత్రాలు, ఆ పురుగును చంపుతుందని మీరు వేరుచేసిన ఒక శిలీంధ్రం, మీ పరిశోధక విద్యార్థి రాసిన సాఫ్ట్‌వేర్ మీ దగ్గర ఉన్నాయి. ఒక విదేశీ విశ్వవిద్యాలయం కలిసి పనిచేద్దామని రాస్తూ మొత్తం చిత్రాలనూ శిలీంధ్రం నమూనానూ పంపమని అడిగింది, మీకు గౌరవ హోదా కూడా ఇస్తామంది. ఇంతలో మీ యాజమాన్యం పరిశోధన భద్రతా ప్రణాళిక తయారు చేయమంది. ఒక సీనియర్ సహోద్యోగి మాత్రం విదేశీయులతో ఉత్తరప్రత్యుత్తరాలే పెట్టుకోవద్దన్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

నేను చాలా ఏళ్లు ఇక్కడి ఒక విశ్వవిద్యాలయంలో ప్రాజెక్టుల విభాగం బాధ్యతలు చూశాను, నిధుల మంజూరు కమిటీల్లో కూర్చున్నాను. ఆ అనుభవంతో చెప్పగలిగింది ఇది: ఎవరి నుంచి కాపాడాలన్న ప్రశ్నతో మొదలుపెట్టిన భద్రతా ప్రణాళిక దాదాపు ప్రతిసారీ దారి తప్పుతుంది. ఏది కాపాడాలి, అది ఏ దశలో ఉంది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నలతో మొదలుపెడితే, మీ సహోద్యోగి భయాల్లో చాలావరకు వాటంతటవే తొలగిపోతాయి, అసలు ప్రమాదం ఎక్కడుందో కూడా కనిపిస్తుంది. మీ ప్రాజెక్టులో విలువైనవి నాలుగున్నాయి: చిత్రాలు, శిలీంధ్రం, సాఫ్ట్‌వేర్, రైతుల వివరాలు. ఈ నాలుగింటికీ వర్తించే చట్టాలు వేరు, వాటికి ఉన్న ప్రమాదాలు వేరు. అన్నింటినీ ఒకే మూట కట్టి పంపమన్నా, ఏదీ పంపవద్దన్నా రెండూ తప్పే.

అన్నింటికన్నా చిక్కైనది శిలీంధ్రం కనుక దానితో మొదలుపెడతాను. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం మన దేశంలో లభించే జీవ వనరులను పరిశోధన కోసం విదేశీ వ్యక్తులు గానీ సంస్థలు గానీ పొందాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి తప్పనిసరి. సూక్ష్మజీవులు కూడా ఈ చట్టం దృష్టిలో జీవ వనరులే. నమూనా సంగతి అలా ఉంచితే, ఆ వనరుపై జరిగిన పరిశోధన ఫలితాలను విదేశీయులకు బదిలీ చేయడానికి కూడా అనుమతి కావాలి. పత్రికల్లో వ్యాసం ప్రచురించడం, సదస్సులో పత్రం సమర్పించడం వంటివి, కేంద్ర మార్గదర్శకాలకు లోబడి ఉంటే, బదిలీ కిందకు రావు. రెండు దేశాల సంస్థల మధ్య కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఆమోదం పొందిన ఉమ్మడి పరిశోధన ప్రాజెక్టులకు మినహాయింపు ఉంది. అయితే ఆ ఆమోదం సంబంధిత మంత్రిత్వ శాఖ నుంచి కాగితం మీద రావాలి. ఇద్దరు ప్రొఫెసర్లు ఈ-మెయిల్‌లో ఒక అంగీకారానికి వచ్చినంత మాత్రాన అది ఆమోదిత ఉమ్మడి ప్రాజెక్టు కాదు.

ఇక్కడ గుంటూరు వారికి విచిత్రంగా తోచే విషయం ఒకటుంది. మిర్చి యార్డు నుంచి కంటైనర్ల కొద్దీ ఎండు మిర్చి ప్రతి సీజన్‌లో విదేశాలకు వెళుతుంది. అది సరుకుగా సాగే వ్యాపారం కనుక ఈ చట్టం దానికి అడ్డు రాదు. కానీ అదే మిరప ఆకు మీద చనిపోయి అంటుకుని ఉన్న పురుగు నుంచి మీరు వేరుచేసిన శిలీంధ్రాన్ని ఒక చిన్న గాజు గొట్టంలో పెట్టి కొరియర్ చేస్తే, అది అనుమతి లేని బదిలీ అవుతుంది. ఈ తేడా తెలియక కొందరు విద్యార్థులు సదస్సులకు వెళ్లేటప్పుడు సూట్‌కేసులో కల్చర్ (ప్రయోగశాలలో పెంచిన సూక్ష్మజీవి) గొట్టాలు పెట్టుకుని వెళ్లడం నేను ఎరుగుదును. వారి ఉద్దేశంలో దోషం లేదు, కానీ ఆ తర్వాత ఆ శిలీంధ్రం మీద ఎవరికి ఏ హక్కు ఉందో తేల్చగలిగే కాగితం ఏదీ మిగలలేదు.

ఇలాంటి హక్కుల పోరాటం ఎలా ఉంటుందో పసుపు వ్యవహారం చూపించింది. గాయాలు మాన్పే గుణం పసుపుకు ఉందంటూ 1995లో అమెరికాలో పేటెంటు మంజూరైంది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) దాన్ని సవాలు చేసి, పాత గ్రంథాలను, ప్రచురితమైన ఆధారాలను చూపించి 1997లో రద్దు చేయించింది. పసుపుకు తరతరాల లిఖిత ఆధారం ఉంది కనుక గెలిచాం. మీ శిలీంధ్రానికి మీ ప్రయోగశాల నోటుపుస్తకం తప్ప మరో ఆధారం లేదు. అందుకే ఆ పుస్తకంలో ఏ మండలంలో, ఏ తేదీన, ఏ తోటలో, ఎవరు సేకరించారో పేజీ సంఖ్యతో, సంతకంతో రాసి ఉండాలి. చండీగఢ్‌లోని ఎంటీసీసీ వంటి గుర్తింపు పొందిన సూక్ష్మజీవుల భాండాగారంలో ఒక నకలును డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. కరెంటు పోయి ఫ్రిజ్ చెడిపోతే మీ కల్చర్ చచ్చిపోవచ్చు. మూడేళ్ల ప్రాజెక్టుకు అది ఏ గూఢచారీ చేయలేనంత నష్టం.

ఇక చిత్రాలు. ఈ విషయంలో చాలామందికి తెలియని నిబంధన ఒకటుంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసిన జియోస్పేషియల్ (భూమిపై స్థాన వివరాలకు సంబంధించిన) మార్గదర్శకాలు మ్యాపింగ్‌ను ఎంతో సరళం చేశాయి, అయితే ఒక హద్దు కూడా పెట్టాయి. అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కంటే సూక్ష్మమైన స్థాన కచ్చితత్వం గల మ్యాపులను, జియోస్పేషియల్ డేటాను భారతీయ సంస్థలే సృష్టించాలి, వాటి యాజమాన్యం వారికే ఉండాలి, ఆ డేటా మన దేశంలోనే నిల్వ కావాలి, ఇక్కడే ప్రాసెస్ కావాలి. మీ డ్రోన్ పొలం మీద ఎగిరి కుట్టిన మ్యాపు సెంటీమీటర్ల స్థాయిది. అంటే దాన్ని యథాతథంగా విదేశీ సర్వర్‌కు ఎక్కించే వెసులుబాటు మీకు లేదు. ఇందులో రహస్యమేముంది, అది మిరప తోటే కదా అని మీరు అడగవచ్చు. నిబంధన తోటను చూసి పెట్టినది కాదు, కచ్చితత్వాన్ని చూసి పెట్టినది.

అలాగని ఉమ్మడి పనికి దారి మూసుకుపోలేదు. భాగస్వామికి నిజంగా కావలసింది మేడికొండూరులోనో ఫిరంగిపురంలోనో ఆ పొలం ఎక్కడుందన్నది కాదు, పురుగు సోకిన ఆకు ఎలా కనిపిస్తుందన్నది. కనుక మొక్క స్థాయిలో కత్తిరించిన చిత్ర ఖండాలను, స్థాన వివరాలన్నీ తొలగించి, నమూనాగా కొన్ని వందలు ఇవ్వవచ్చు. తొలగించడం అంటే ఫైలు పేరు మార్చడం కాదు. డ్రోన్ తీసిన ప్రతి ఫొటో ఫైలు లోపల అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, తీసిన సమయం, కెమెరా సీరియల్ నంబరు కూర్చుని ఉంటాయి. ఫైలు ప్రాపర్టీస్ తెరిచి ఒకసారి చూడండి. వాటిని చెరిపే చిన్న ప్రోగ్రామ్‌ను మీ విద్యార్థి ఒక పూటలో రాయగలడు. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, సర్వే నంబర్లు ఉన్న ఎక్సెల్ షీటు మాత్రం ఎవరికీ వెళ్లకూడదు. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి పక్కన పెట్టినా, ఏ గ్రామంలో పంట ఎంత దెబ్బతినబోతోందన్న సమాచారం కోత ముందే బయటికి పొక్కితే ధరను శాసించేది ఎవరో యార్డు సంగతి తెలిసిన వారికి విడమరచి చెప్పనక్కరలేదు. నల్ల తామర పురుగు 2021లో విరుచుకుపడినప్పుడు నష్టపోయిన రైతే, తన పొలం సమాచారం వల్ల మళ్లీ నష్టపోకూడదు.

డ్రోన్ గురించి ఒక చిన్న మాట. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది, పరిశోధన, రక్షణ వంటి అవసరాలకు మాత్రం అనుమతితో మినహాయింపు ఉంది. మీది ఎప్పుడు, ఏ బిల్లుతో కొన్నారో ఫైల్లో ఉంచండి. దాన్ని నడిపే మొబైల్ యాప్ ఎగిరిన దారిని, చిత్రాలను తయారీదారు సర్వర్‌కు పంపే సెట్టింగ్‌తో ఉందేమో కూడా చూడండి. భాగస్వామికి ఇవ్వాలా వద్దా అని నెల రోజులు చర్చించిన డేటా, యాప్ ద్వారా మొదటి రోజే వెళ్లిపోయి ఉండవచ్చు.

సాఫ్ట్‌వేర్ విషయంలో అసలు ముప్పు మీ చేతిలోనే ఉంది. పేటెంటు చట్టంలో కొత్తదనం అనేది ప్రాణం లాంటిది. మీరే ముందుగా ప్రచురించినా అది పోతుంది. గుర్తింపు పొందిన పండిత సభల్లో చదివిన పత్రాలకు 12 నెలల వెసులుబాటు వంటి పరిమిత మినహాయింపులు మన చట్టంలో ఉన్నాయి, కానీ ఇతర దేశాల్లో అవి అక్కరకు రాకపోవచ్చు. కనుక సదస్సుకు సారాంశం పంపే ముందే తాత్కాలిక స్పెసిఫికేషన్‌తో, అంటే ఆవిష్కరణ ప్రాథమిక వివరణతో, పేటెంటుకు దరఖాస్తు చేయండి. పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలల గడువు దొరుకుతుంది. 2021లో నిబంధనలు సవరించాక విద్యాసంస్థలకు రుసుములో 80 శాతం తగ్గింపు కూడా ఉంది, కాబట్టి ఖర్చు అడ్డంకి కాదు. కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు, ప్రకృతిలో దొరికిన జీవికి యథాతథంగా ఇక్కడ పేటెంటు రాదు. పురుగును గుర్తించి పిచికారీని నియంత్రించే వ్యవస్థకు, శిలీంధ్రంతో చేసిన తయారీ విధానానికి ప్రయత్నించవచ్చు. శిలీంధ్రం ఆధారంగా వచ్చే పేటెంటుకు, అది మంజూరయ్యే లోపు జీవవైవిధ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదు కావాలన్నది కూడా గుర్తుంచుకోండి. విదేశీ భాగస్వామి తమ దేశంలో ముందుగా దరఖాస్తు చేద్దామంటే, భారత నివాసిగా మీకు పేటెంటు చట్టం 39వ సెక్షన్ వర్తిస్తుంది. ఇక్కడ దరఖాస్తు చేసి ఆరు వారాలైనా ఆగాలి, లేదా పేటెంటు కార్యాలయం నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఉమ్మడి ఆవిష్కర్తగా మీ పేరు రాసి వాళ్లు అక్కడ దాఖలు చేసినా సమస్య మీకే వస్తుంది.

ఎగుమతి నియంత్రణ మాటకొస్తే, స్కోమెట్ అనే జాబితా పేరు విని ఉంటారు. పౌర, సైనిక అవసరాలు రెండింటికీ పనికొచ్చే వస్తువులు, సాఫ్ట్‌వేర్, సాంకేతికత అందులో ఉంటాయి. దాన్ని విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నిర్వహిస్తుంది. సాంకేతికతను ఈ-మెయిల్‌లో పంపడం కూడా ఎగుమతే. అప్పటికే బహిరంగంగా ఉన్న విజ్ఞానానికి, మౌలిక శాస్త్ర పరిశోధనకు మినహాయింపు ఉంది. మీ ప్రాజెక్టులో ఎక్కువ భాగం దీని పరిధిలోకి రాదనే నా అభిప్రాయం. అయితే రెండు చోట్ల ఆగి చూడండి. కొన్ని రకాల థర్మల్ కెమెరాలు ఆ జాబితాలో ఉంటాయి, కనుక డ్రోన్‌కు తగిలించిన కెమెరాను విదేశీ ప్రదర్శనకు తీసుకెళ్లే ముందు దాని సాంకేతిక వివరాలను జాబితాతో పోల్చాలి. పెద్ద ట్యాంకు ఉండి పిచికారీ చేయగల డ్రోన్ల విషయంలోనూ అంతే, ఎందుకంటే పురుగుమందు చల్లగలిగినది మరేదైనా కూడా చల్లగలదన్నది ఆ నియమం వెనుక ఉన్న భయం.

ఇప్పుడు మీ సహోద్యోగి సలహాకు వస్తాను. దాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. 1994లో ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను గూఢచర్యం ఆరోపణపై అరెస్టు చేశారు. 1996లో సీబీఐ ఆ ఆరోపణల్లో నిజం లేదని తేల్చింది. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆయనకు 50 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. ఆయన జీవితంలోంచి పోయిన ఏళ్లను ఆ మొత్తం తిరిగి ఇవ్వలేదు. పరిశోధన రహస్యాలు చైనాకు చేరుతున్నాయన్న అనుమానంతో అమెరికా న్యాయ శాఖ 2018లో మొదలుపెట్టిన చైనా ఇనిషియేటివ్ కూడా ఇలాంటి దారే పట్టింది. ఎంఐటీ ప్రొఫెసర్ గాంగ్ చెన్‌ను 2021 జనవరిలో అరెస్టు చేసి, ఏడాది తర్వాత అభియోగాలు ఉపసంహరించుకున్నారు. 2022 ఫిబ్రవరిలో ఆ కార్యక్రమాన్నే ముగించారు. మన దగ్గరా 2021 జనవరిలో కొన్ని అంశాలపై ఆన్‌లైన్ అంతర్జాతీయ సదస్సులకు సైతం ముందస్తు అనుమతి తీసుకోవాలన్న ఉత్తర్వు వచ్చింది, సైన్స్ అకాడమీలు అభ్యంతరం చెప్పాక మరుసటి నెలలోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. మనిషి పుట్టిన దేశాన్ని బట్టో, వెళ్లిన సదస్సును బట్టో అనుమానించడం మొదలుపెడితే నిజమైన లీకు మీద ఎవరి దృష్టీ ఉండదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను చూసినంతలో మాత్రం దొంగల కంటే తలుపు తెరిచి ఉంచిన ఇళ్లే ఎక్కువ. ఉదాహరణకు బ్రాడీపేటలోనో గవర్నర్‌పేటలోనో థీసిస్ ప్రింటు తీసే ఏ జిరాక్సు సెంటర్‌కైనా వెళ్లి అక్కడి కంప్యూటర్ తెరను గమనించండి. డెస్క్‌టాప్ మీద విద్యార్థుల పేర్లతో వరుసగా ఫోల్డర్లు ఉంటాయి. వాటిలో ఇంకా సమర్పించని సిద్ధాంత గ్రంథాలు, పట్టికలు, కొన్నిసార్లు ముడి డేటా కూడా ఉంటాయి. బైండింగ్ అయ్యే వరకు ఉండనీయండని ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో నుంచి కాపీ అయినవి అవి, ఎవరూ తొలగించరు. షాపు వారిని తప్పు పట్టడానికి లేదు, వారి పని ప్రింటు తీయడం. ప్రభుత్వం లక్షలు వెచ్చించిన డేటాకు చివరి మజిలీ అలా అవుతోందంటే బాధ్యత గైడుదే. ప్రింటుకు పీడీఎఫ్ మాత్రమే పంపండి, విద్యార్థి ఎదురుగా ఉండి ఫైలును తొలగించి రావాలన్న నియమం పెట్టండి. థీసిస్‌లను అందరికీ అందుబాటులో ఉంచే ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలోకి మీ విద్యార్థి థీసిస్ ఎక్కేలోపు పేటెంటు దరఖాస్తు పడిందో లేదో కూడా సరిచూసుకోండి.

ప్రాజెక్టు వాట్సాప్ గ్రూపు కూడా అలాంటిదే. ఎప్పుడో ఉద్యోగం మారి వెళ్లిపోయిన జూనియర్ రిసెర్చ్ ఫెలో ఇంకా అందులోనే ఉంటారు, ప్రయోగశాల సర్వర్ పాస్‌వర్డు అందులోనే ఒక సందేశంగా పడి ఉంటుంది. చేరిన రోజు ఇచ్చిన యాక్సెస్‌ను వెళ్లే రోజు తీసేయడం అనే ఒక్క అలవాటు, మీ యాజమాన్యం కొనాలనుకునే ఏ సాఫ్ట్‌వేర్ కంటే ఎక్కువ రక్షణ ఇస్తుంది. దాడి అంటూ జరిగితే ఏమవుతుందో 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ అనుభవించింది. సర్వర్లలోని డేటాను దుండగులు లాక్ చేయడంతో అంత పెద్ద ఆసుపత్రి రోజుల తరబడి కాగితం, కలంతో నడిచింది. మీ డేటా నకలు ఒకటి నెట్‌వర్క్‌కు తగిలించని హార్డ్‌డిస్క్‌లో, వేరే గదిలో తాళం వేసి ఉండాలి. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్ ఆదేశాలు చెబుతున్నాయి. ఆ సమయంలో ఫోన్ చేయాల్సింది ఎవరో ఇప్పుడే నిర్ణయించి గోడ మీద రాసి పెట్టండి, లేకపోతే మొదటి ఆరు గంటలూ తప్పు ఎవరిదన్న చర్చలోనే గడిచిపోతాయి.

గౌరవ హోదా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తీసుకోవచ్చు, కానీ కళాశాల లిఖిత అనుమతితో, నిధులిచ్చిన సంస్థకు తెలియజేసి మాత్రమే. ఆ హోదాకు జీతం ఉందా, అక్కడి పేరుతో వ్యాసాలు వేయాలన్న షరతు ఉందా, మీ పనిపై హక్కు వారికి వెళుతుందా అన్న మూడు విషయాలు నియామక పత్రంలో వెతకండి. దాన్ని గోప్యంగా ఉంచమని ఎవరైనా అడిగితే అక్కడితో ఆపేయండి. భాగస్వామి అమెరికా సంస్థ అయితే వాళ్లు కూడా మీ ఇతర పదవుల, నిధుల వివరాలు అడుగుతారు. 2021 నుంచి అక్కడ ప్రభుత్వ నిధులకు అది నియమంగా మారింది, అవమానంగా భావించవద్దు. వాళ్లు మీ పనికి డబ్బు కూడా పంపుతామంటే, మీ కళాశాలను నడిపే ట్రస్టు లేదా సొసైటీకి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉందో లేదో ముందుగా కార్యాలయాన్ని అడగండి. ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. మీ సొంత ఖాతాకు ఒక్క రూపాయి కూడా రానివ్వకండి.

యాజమాన్యానికి ఇవ్వాల్సిన ప్రణాళిక మూడు పేజీలు దాటనక్కరలేదు. నేను పైన చెప్పిన నాలుగు ఆస్తులకూ ఒక్కో పేరా రాయండి: అది ఎక్కడ ఉంది, ఎవరికి అందుబాటులో ఉంది, ఏ అనుమతి లేకుండా బయటికి వెళ్లకూడదు, దానికి బాధ్యులు ఎవరు. చివర ప్రిన్సిపాల్ సంతకం, ఆరు నెలలకోసారి తిరిగి చూస్తామన్న వాక్యం ఉంటే చాలు. ఇంటర్నెట్‌లో దొరికే యాభై పేజీల నమూనా తెచ్చి పేరు మార్చి ఇవ్వవద్దు. అలాంటివి కమిటీలో కూర్చున్నవారు మొదటి పేజీలోనే గుర్తుపడతారు.

విదేశీ విశ్వవిద్యాలయానికి ఈ వారంలోనే మర్యాదగా జవాబు రాయండి, ఆలస్యం చేస్తే మీకు ఆసక్తి లేదనుకుంటారు. ఉమ్మడి పనికి మీరు సుముఖమేనని, స్థాన వివరాలు తీసేసిన కొన్ని చిత్ర ఖండాలను కళాశాల అనుమతితో పంచుకోగలమని, పూర్తి చిత్రాలపై పని చేయాలంటే వారి ప్రోగ్రామ్‌ను మా సర్వర్‌లో మేమే నడిపి ఫలితాలు ఇస్తామని, శిలీంధ్రం విషయం భారతీయ చట్టం ప్రకారం అనుమతి వచ్చాకే మాట్లాడగలమని చెప్పండి. జవాబు నకలు ప్రిన్సిపాల్‌కు, నిధులిచ్చిన సంస్థలోని ప్రాజెక్టు అధికారికి పంపండి. ఎంటీసీసీ రసీదు, తాత్కాలిక పేటెంటు దరఖాస్తు నంబరు రెండూ మీ ఫైల్లోకి వచ్చాక మాత్రమే ఒప్పందం ముసాయిదా మీద చర్చ మొదలుపెట్టండి.